ప్రశ్నలు–జవాబులు: పాత సైన్స్ ఫిక్షన్ సినిమా కొత్త డిస్కుగా వస్తే

ప్ర: ‘బ్లేడ్ రన్నర్’కి ఇంకా మంచి ఎడిషన్ వస్తుందేమోనని ఆగుతూ వస్తున్నాను. ఉన్నది కొనేయమంటారా? అసలు ఒక్క సినిమాకి ఇన్ని వెర్షన్లు ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: మీకు ఏ వెర్షన్ కావాలో ముందు తేల్చుకోండి, కొనాలా ఆగాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

1982 జూన్‌లో అమెరికా థియేటర్లకు వచ్చిన వెర్షన్‌లో హీరో హారిసన్ ఫోర్డ్ గొంతుతో వ్యాఖ్యానం నడుస్తుంది. చివర్లో జంట పచ్చని కొండల మధ్య నుంచి కారులో వెళ్లిపోతుంది. ఆ కొండల ఏరియల్ షాట్లు స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించగా మిగిలినవి. విదేశాలకు పంపిన వెర్షన్‌లో కథ అదే, రక్తపాతం కాస్త ఎక్కువ. 1992 ‘డైరెక్టర్స్ కట్’లో వ్యాఖ్యానం, సుఖాంతం రెండూ పోయాయి, ఒంటికొమ్ము గుర్రం కల వచ్చి చేరింది. వీటికి ముందు, విడుదలకు మునుపు ప్రేక్షకులకు చూపించిన వర్క్‌ప్రింట్ (ఇంకా పూర్తికాని ప్రతి) ఒకటుంది. 2007 ‘ఫైనల్ కట్’ దర్శకుడు రిడ్లీ స్కాట్ దగ్గరుండి తన ఇష్టప్రకారం చేయించుకున్నది.

ఫైనల్ కట్ కోసం 35 ఎంఎం నెగెటివ్‌ను 4కెలో (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల వివరంతో), 65 ఎంఎం మీద తీసిన ఎఫెక్ట్స్ షాట్లను 8కెలో స్కాన్ చేశారు. ఎగిరే కార్లను వేలాడదీసిన తీగలు చెరిపేశారు. జోరా అనే పాత్ర అద్దాలు పగలగొట్టుకుంటూ పరిగెత్తే సీన్‌లో డూప్ మొహం ఇట్టే తెలిసిపోయేది. పాతికేళ్ల తర్వాత ఆ పాత్ర వేసిన జోవానా కాసిడీనే పిలిపించి ఆమె ముఖం అతికించారు. పాముల వ్యాపారితో సీన్‌లో మాట ఒకటి, పెదవుల కదలిక ఒకటిగా ఉండేది. అక్కడ ఫోర్డ్ కొడుకు బెన్ నోటి కదలికలు తీసి పెట్టారు. పాత వెర్షన్లలో, పారిపోయిన ఆరుగురు కృత్రిమ మనుషుల్లో ఒకరు చచ్చారంటాడు పోలీసు అధికారి బ్రయాంట్. మిగతా అయిదుగురిలో మనకు కనిపించేది నలుగురే! ఫైనల్ కట్‌లో ఆ లెక్కను ‘ఇద్దరు చచ్చారు’ అని సరిచేశారు. ఇంత ఓపికగా చేసిన రిపేరు చాలా అరుదు.

2017లో వచ్చిన 4కె సెట్‌లో 4కెలో ఉన్నది ఫైనల్ కట్ ఒక్కటే. మీకు అదే ఇష్టమైతే ఇంక ఆగే పని లేదు. వ్యాఖ్యానం ఉన్న 1982 వెర్షనే 4కెలో కావాలనుకుంటే మాత్రం ఆగండి, ఆ కోరిక న్యాయమైనదే. అయిదు వెర్షన్లూ ఒకేచోట కావాలంటే 2007 నాటి అయిదు డిస్కుల సెట్‌ను పాత సరుకులో వెతకాలి.

ప్ర: అమెరికాలో ఉన్న మా అన్నయ్య సంక్రాంతికి వస్తూ డిస్కులు తెస్తానంటున్నాడు. ఇక్కడ ప్లే అవుతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: 4కె డిస్కులకు రీజియన్ లాక్ (ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళం) లేదు, నిశ్చింతగా తెప్పించుకోండి. చిక్కంతా అదే పెట్టెలో వచ్చే మిగతా డిస్కులతోనే. బ్లూరేలో అమెరికాది ‘ఎ’, మనది ‘సి’. డీవీడీలో అమెరికాది 1, మనది 5. మేకింగ్ డాక్యుమెంటరీల లాంటి అదనపు సరుకును బ్లూరే మీదో డీవీడీ మీదో ఇచ్చిన సెట్లలో, సినిమా ఆడుతుంది, అవి మాత్రం మొరాయించవచ్చు. కొనేముందు అట్ట వెనక చిన్న భూగోళం బొమ్మలో ఉండే అంకె, షట్కోణంలో ఉండే అక్షరం ఫొటో తీసి పంపమని అన్నయ్యగారితో చెప్పండి. రీజియన్ ఫ్రీ అని ఉంటే ఏ గొడవా లేదు. పెట్టెలో వచ్చే డిజిటల్ కోడ్ (ఆన్‌లైన్‌లో సినిమా చూసేందుకు ఇచ్చేది) కోసం మాత్రం ఎక్కువ పెట్టకండి, అది సాధారణంగా ఆ దేశంలోనే పనిచేస్తుంది.

ప్లేయర్ సంగతి కూడా చూసుకోండి. ప్లేస్టేషన్ 4, దాని ప్రో మోడల్ 4కె డిస్కులు చదవవు. డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ చదువుతాయి. ప్లేయర్‌కీ టీవీకీ మధ్య ఆంప్లిఫయర్ ఉంటే దానికీ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతి ఉండాలి. లేకపోతే బొమ్మ 1080పికి దిగిపోతుంది, లేదా అసలే రాదు.

ప్ర: ఎంతో ఆశగా 4కె డిస్కు కొన్నాను. తెర నిండా చీమలు పాకుతున్నట్టు చుక్కలు, పైగా బొమ్మ చీకటిగా ఉంది. డిస్కు పాడైందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జ: చాలావరకు అది ఫిల్మ్ గ్రెయిన్ అయి ఉంటుంది. నెగెటివ్‌లోని వెండి రేణువుల వల్ల వచ్చే సహజమైన గరుకుదనం అది, ముఖాల మీద చర్మపు వివరాలు దానితోనే కలిసి ఉంటాయి. అతిగా తుడిచేస్తే మనుషులు మైనపు బొమ్మల్లా తయారవుతారు. 2024లో ‘ఏలియన్స్’, ‘ట్రూ లైస్’ 4కె డిస్కుల మీద అభిమానులు గొడవపెట్టింది అందుకే.

తేడా కనిపెట్టడం తేలిక. పాజ్ చేయండి. గ్రెయిన్ అయితే చుక్కలు కదలకుండా, తెరంతా పరుచుకుని ఉంటాయి. పాజ్‌లోనూ, ప్లేయర్ మెనూ మీద కూడా మెరుపు చుక్కలు మిణుకుమంటుంటే తప్పు హెచ్‌డీఎంఐ కేబుల్‌ది. 18 జీబీపీఎస్‌కు సర్టిఫై అయిన ‘ప్రీమియం హై స్పీడ్’ కేబుల్, రెండు మీటర్ల లోపుది వాడండి. ఎప్పుడూ ఒకే చోట ఆగిపోతూ గళ్లు గళ్లుగా వస్తుంటే అప్పుడు డిస్కును అనుమానించాలి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. మూడు పొరల 100 జీబీ డిస్కుకు వేలిముద్ర కూడా అడ్డే. తుడిచినా అక్కడే ఆగితే మార్పించుకోండి.

చీకటి మాట: టీవీలో ఆ పోర్టుకు మెరుగైన హెచ్‌డీఎంఐ సెట్టింగ్ ఆన్ చేసి, ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా మోడ్ పెట్టండి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. పవర్ సేవింగ్ కూడా ఆపండి, చాలా ఇళ్లలో చీకటికి అసలు కారణం అదే. టీవీకి వెలుగు శక్తి తక్కువైతే ప్లేయర్‌లోనే హెచ్‌డీఆర్‌ను (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మను) ఎస్‌డీఆర్‌గా, అంటే మామూలు బొమ్మగా మార్చే ఆప్షన్ వాడి చూడండి.

ప్ర: స్టీల్‌బుక్‌కు (రేకు డబ్బాలో వచ్చే ఎడిషన్‌కు) ఎక్కువ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జ: డబ్బా అందం కోసమైతే పెట్టండి. లోపల సినిమా డిస్కు మామూలు పెట్టెలో ఉన్నదే.

ప్ర: ‘ఆదిత్య 369’ 2025లో 4కెలో మళ్లీ థియేటర్లకు వచ్చింది కదా. డిస్కుగా తెస్తే అభిమానులుగా మేం ఏమేం అడగాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: మొదటిది, స్కాన్ దేని నుంచి చేశారో చెప్పమనండి. నెగెటివ్ నుంచి చేసినదానికీ ప్రింటు నుంచి చేసినదానికీ నీడల్లోని వివరాల్లో చాలా తేడా ఉంటుంది. ప్రింటులో కాంట్రాస్ట్ ముందే పెరిగిపోయి ఉంటుంది, పోయిన వివరం తర్వాత రాదు. రెండోది రంగులు. థియేటర్ కోసం చేసిన గ్రేడింగ్‌ను (రంగుల సర్దుబాటును) ఉన్నదున్నట్టు డిస్కు మీదికి దించకూడదు, టీవీకి విడిగా చేయాలి. ఈ సినిమాకి పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ ముగ్గురు ఛాయాగ్రాహకులు. రాయలవారి కాలానికీ, 2504కీ ఒకే రంగు పూసేస్తే వాళ్ల పని కనబడకుండా పోతుంది. మూడోది శబ్దం. కొత్త 5.1 సరౌండ్ ట్రాక్ ఇవ్వనివ్వండి, దానితోపాటు 1991 నాటి అసలు ట్రాక్ కూడా మార్చకుండా విడిగా ఇవ్వమనండి. ఇళయరాజా పాటలు ఆ రోజు విన్నట్టే వినాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, డిస్కులో దానికి పట్టే చోటు చాలా తక్కువ.