టెరిటోరియల్ ఆర్మీ (టీఏ) ఆఫీసరుకి ప్రమోషన్ రావాలంటే ముందు మీ మేనేజరు ఒప్పుకోవాలి

విజయవాడలో ప్రైవేటు బ్యాంకులో చేస్తున్నాను, వయసు 31, టెరిటోరియల్ ఆర్మీలో (సొంత ఉద్యోగం చేసుకుంటూనే ఏటా కొన్నాళ్ళు చేసే సైనిక సేవ) ఆఫీసరుగా చేరితే సర్వీసు పెరిగేకొద్దీ ప్రమోషన్లు వాటంతటవే వస్తాయా అని అడిగారు. నేను గుంటూరులో ఉంటాను, ఫిజిక్స్ లెక్చరర్‌ని, టీఏలో కెప్టెన్‌ని. వాటంతటవి రావండీ.

కాగితం మీద లెక్క తేలిగ్గానే ఉంటుంది. లెఫ్టినెంట్‌గా కమిషన్ ఇస్తారు, అంటే ఆఫీసరుగా తీసుకుంటారు, 2 ఏళ్ళకి కెప్టెన్, 6 ఏళ్ళకి మేజర్, 13 ఏళ్ళకి లెఫ్టినెంట్ కల్నల్, ఆ పైన కల్నల్, బ్రిగేడియర్ సెలెక్షన్ మీద. మన కుర్రాళ్ళు ఈ అంకెలు బట్టీపట్టి, పక్కనే ఉన్న ‘నిర్దేశించిన అర్హతలు పూర్తిచేస్తేనే’ అన్న ముక్క చదవరు. మొదటి ఏడాది నెల రోజుల బేసిక్ ట్రైనింగ్, ఆ ఏడాదితో మొదలుపెట్టి ఏటా రెండు నెలల క్యాంపు, తొలి రెండేళ్ళలోపు మూడు నెలల పోస్ట్ కమిషన్ ట్రైనింగ్. కూడి చూడండి, రెండేళ్ళలో ఎనిమిది నెలలు. అన్ని రోజులు మీ బ్యాంకు మిమ్మల్ని వదులుతుందా? అసలు ప్రశ్న అదీ.

నా సంగతి చెప్తాను. అప్పుడు నేను పనిచేసే జూనియర్ కాలేజీలో, క్యాంపుకి రమ్మని లెటర్ జనవరి ఆఖర్లో వచ్చింది. మార్చిలో ఇంటర్ పరీక్షలు. లెటర్ పట్టుకుని కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను. ఆయన చదివి, మడిచి, మళ్ళీ నా చేతికే ఇచ్చి, "మాస్టారూ, దేశసేవ గొప్పదే, కాదనను. కానీ రివిజన్ టైములో రెండు నెలలు ఫిజిక్స్ ఎవరు చెప్తారు? వెళ్ళండి, వచ్చాక మీ సెక్షన్లు ఉంటాయని మాత్రం అనుకోకండి" అన్నారు. పాప అప్పుడే స్కూల్లో చేరింది, ఇంటికి లోను ఉంది. రాత్రంతా నేనూ మా ఆవిడా మాట్లాడుకుంటూనే ఉన్నాం. పొద్దున్నే బెటాలియన్‌కి రాలేనని రాశాను. ఆ ఉత్తరం పోస్టు చేసి బ్రాడీపేట నుంచి ఇంటికి నడిచివచ్చిన దారి నాకు ఇప్పటికీ గుర్తే.

మరుసటి ఏడాది క్యాంపుకి వెళ్తే, నా తర్వాత కమిషన్ తీసుకున్న అబ్బాయి భుజాల మీద కెప్టెన్‌కుండే మూడు నక్షత్రాలు. నావి రెండే. అతను అలవాటుకొద్దీ నన్ను "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు, అనేసి నా భుజం వంక చూసి ఆగిపోయాడు. మంచి కుర్రాడు, చాలా ఇబ్బంది పడ్డాడు. నేనే సెల్యూట్ చేశాను. ఒక్క క్యాంపు పోతే ఆ ఏడాది మాత్రమే పోతుందనుకోకండి, వరసలో మన వెనకవాళ్ళు ముందుకి వెళ్ళిపోతారు. కెప్టెన్ నాకు నాలుగో ఏట వచ్చింది.

టీఏ చట్టం 1948 నుంచీ ఉంది. సేవకి పిలిస్తే వెళ్ళొచ్చిన ఉద్యోగిని యజమాని తిరిగి పనిలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. మన ఊళ్ళలో ఆ సంగతి ఎంతమంది యజమానులకి తెలుసు? తెలిసినా, చట్టం చూపించి ఉద్యోగం నిలబెట్టుకున్నవాడికి ఆ తర్వాత ఇంక్రిమెంట్ వస్తుందా? ప్రభుత్వ ఉద్యోగులకి ఈ బాధ చాలా తక్కువ. టీఏలో పైకి వెళ్ళేది ఎక్కువగా వాళ్ళే అని నా గట్టి నమ్మకం.

ఇంకో బాధ చుట్టాలతో. పెళ్ళిళ్ళలో కనపడితే "ధోనీ ఒకేసారి లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు కదా, నీకేంటి ఇంకా?" అంటారు. ధోనీకి 2011లో ఇచ్చింది గౌరవ ర్యాంకు, కపిల్ దేవ్‌కి 2008లో ఇచ్చిందీ అదే. వాళ్ళని గౌరవించడం సంతోషమే, కానీ పరీక్ష రాసి, ఎస్‌ఎస్‌బీ (సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూ) దాటి, మెడికల్ పాసై వచ్చినవాడి దారి వేరు. ఎంపీ అనురాగ్ ఠాకూర్ అలా రెగ్యులర్‌గా వచ్చినవారే. 2016లో లెఫ్టినెంట్, 2021లో కెప్టెన్. ఎంపీకే రెండేళ్ళకి రాలేదు.

పెన్షన్ మీద ఆశతో మాత్రం రాకండి. దానికి గ్యారంటీ లేదని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. ఫిట్‌నెస్ మాత్రం ఏడాది పొడుగునా చూసుకోవాలి. నేను రోజూ ఐదింటికి బృందావన్ గార్డెన్స్ ఎన్‌టీఆర్ స్టేడియంలో పరుగెత్తుతాను, క్యాంపుకి నెల ముందు మొదలుపెడితే మోకాళ్ళు సహకరించవు.

నేను తర్వాత కాలేజీ మారినప్పుడు, ఏటా రెండు నెలల సెలవు సంగతి అపాయింట్‌మెంట్ లెటర్లోనే రాయించుకున్నాను, అందుకు జీతం కొంత తగ్గించుకున్నాను కూడా. మీరూ ఫారం నింపేముందు మీ బ్రాంచ్ మేనేజర్ దగ్గర కూర్చుని ఈ ఎనిమిది నెలల లెక్క చెప్పండి, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, ఏం చెప్తే ఒప్పుకుంటారో నాకు తోచింది చెప్తాను.