ఓటు, మనస్సాక్షి

ప్రశ్న: ఫాదర్‌గారికి నమస్కారం. ఈసారి ఒక అభ్యర్థి గర్భస్థ శిశువుల ప్రాణం గురించి గట్టిగా మాట్లాడతాడు గాని, వలస వచ్చినవారి మీద ద్వేషం రగిలిస్తాడు. రెండో ఆయన పేదల పక్షం. కానీ గర్భస్రావం హక్కు అంటాడు. మా ప్రార్థన బృందంలోని ఒక పెద్దాయన ‘ఫలానా వారికి వేయకపోతే పాపం’ అంటున్నారు. అసలు ఓటే మానేస్తే నిశ్చింత కదా?

జవాబు: ఆ పెద్దాయన మాట నన్ను బాధపెట్టింది. విశ్వాసులు నిజాయితీగా ఆలోచించినా వేర్వేరు నిర్ణయాలకు రావచ్చనీ, అప్పుడు శ్రీసభ, అంటే కతోలిక సంఘం, అధికారం తన అభిప్రాయానికే ఉందని ఎవరూ చెప్పుకోకూడదనీ ప్రపంచ బిషప్పులందరి సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. నాకూ అదే వర్తిస్తుంది. ఎవరికి వేయమంటారని అడిగితే నేను ఏ పేరూ చెప్పను.

అలాగని మనస్సాక్షి అంటే ‘నాకు అలా అనిపించింది’ అనడం కాదు. మంచేదో తెలుసుకునే శ్రమ పడనివాడి అజ్ఞానానికి వాడే బాధ్యుడని శ్రీసభ బోధనల అధికారిక గ్రంథమైన సత్యోపదేశం 1791వ పేరా అంటుంది. అభ్యర్థుల ప్రసంగాలు పక్కన పెట్టి, పదవిలో ఉన్నప్పుడు ఏ చట్టానికి చేయెత్తారో చూడండి. అన్ని అంశాల బరువూ ఒకటి కాదు. నిర్దోషి ప్రాణం తీయడం ఎన్నటికీ మంచి కాదు. గర్భస్రావాన్ని సమర్థిస్తున్నాడనే ఓటు వేయడం వేరు, దాన్ని ఖండిస్తూనే అంతటి బరువైన కారణాలతో వేయడం వేరు అని తర్వాత పోప్ పదహారవ బెనెడిక్ట్ అయిన కార్డినల్ రాట్జింగర్ 2004లో అమెరికా బిషప్పులకు రాశారు. మీ కారణం నిజంగా అంత బరువైనదా, లేక పార్టీ అభిమానానికి వేసిన ముసుగా? ఇది దేవుని ముందు మీరే తేల్చుకోవాలి.

ఓటును సత్యోపదేశం పన్ను చెల్లింపుతో సమానంగా కర్తవ్యమంది. ఎవరికీ వేయలేనని ప్రార్థించి తేల్చుకుంటే అదీ ఒక నిర్ణయమే. నిశ్చింత కోసం మానేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఇక ఆ పెద్దాయన సంగతి. ఇంగ్లండ్ రాజు ఎనిమిదవ హెన్రీ, తన రెండో పెళ్లి పిల్లలే వారసులని ఒప్పుకోమంటూ కోరిన ప్రమాణం చేయనందుకు ఆయన మాజీ మంత్రి పునీత తోమస్ మోర్‌ను చెరలో పెట్టి, 1535లో శిరచ్ఛేదం చేశారు. మోర్ కూతురు మార్గరెట్ మాత్రం, దేవుని చట్టం ఒప్పుకున్నంత మేరకు అంటూ, అదే ప్రమాణం చేసింది. తండ్రినీ చేయమని బతిమాలింది. ఆయన లొంగలేదు, ఆమెను నిందించనూ లేదు. చెరలో కలం, కాగితాలు లాక్కున్నాక బొగ్గుతో ఉత్తరాలు రాసింది ఆమెకే. ఎన్నికలయ్యాక కూడా మీరు ఆ పెద్దాయన పక్కనే కూర్చుని ప్రార్థించండి.