బయాప్సీ ముక్క సరిపోలేదన్నారు, మళ్లీ సూది గుచ్చాల్సిందేనా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61 ఏళ్లు. దగ్గు తగ్గకపోవడంతో స్కానింగ్, సూది బయాప్సీ చేయిస్తే ఊపిరితిత్తుల అడినోకార్సినోమా (ఒక రకం క్యాన్సర్), నాలుగో దశ అని తేలింది. ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే ఎన్‌జీఎస్ (కణితిలోని జన్యువులను చదివే) పరీక్ష కావాలని డాక్టరుగారు చెప్పడంతో బయాప్సీ బ్లాకును ఒక ల్యాబ్‌కు పంపాం. 18 రోజుల తర్వాత ‘డీఎన్‌ఏ సరిపోలేదు, లైబ్రరీ తయారు కాలేదు’ అని రిపోర్టు ఇచ్చారు. లైబ్రరీ అంటే ఏమిటి? తప్పు ఎక్కడ జరిగింది? మళ్లీ బయాప్సీ అంటే నాన్నగారు భయపడుతున్నారు. రక్తపరీక్షతో సరిపెట్టవచ్చా? పిల్లలమైన మేమూ జన్యు పరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీకు వచ్చిన రిపోర్టు ‘మ్యుటేషన్లు (జన్యు మార్పులు) లేవు’ అనడం లేదు, అసలు పరీక్షే పూర్తి కాలేదంటోంది. ఈ తేడాను మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇలాంటి కాగితం ఫైలులో చేరి, తర్వాత చూసిన వారు దాన్ని నెగెటివ్‌గా భావించిన సందర్భాలు నాకు తెలుసు. మన దేశంలో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వచ్చినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి, కొన్ని ఆసుపత్రుల లెక్కల్లో అంతకన్నా ఎక్కువ మందికి, కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. 2004లో ఈ మార్పును గుర్తించిన తర్వాతే ఎవరికి కీమో ఇవ్వాలో, ఎవరికి రోజూ వేసుకునే మాత్ర ఇవ్వాలో ముందే తేల్చడం సాధ్యమైంది. ఆ అవకాశం మీ నాన్నగారికి ఉందో లేదో ఇంకా తెలియదు కాబట్టి, ఈ ప్రయత్నాన్ని ఇక్కడితో వదిలేయకండి.

సూదితో తీసిన ముక్క దారం పోగులా, ఒక మిల్లీమీటరు మందంతో, దాదాపు ఒక సెంటీమీటరు పొడవుంటుంది. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనంలో పొదిగి దిమ్మగా చేస్తారు. మీరు బ్లాకు అంటున్నది దాన్నే. అది క్యాన్సరేనా, ఊపిరితిత్తిలోనే పుట్టిందా, వేరేచోటి నుంచి పాకిందా అని తేల్చడానికి పాథాలజిస్టు ఈ దిమ్మ నుంచే పలుచని పొరలు కోసి రకరకాల రంగు పరీక్షలు చేస్తారు. ఒక్కో పరీక్షకు ఒక్కో పొర ఖర్చవుతుంది. జన్యు పరీక్ష వంతు వచ్చేసరికి కణజాలం కొద్దిగానే మిగలడం చాలా మందిలో జరిగేదే.

ల్యాబ్‌లో మొదటి పని యంత్రం దగ్గర ఉండదు, మైక్రోస్కోప్ దగ్గర ఉంటుంది. రంగు వేసిన ఒక స్లైడును పాథాలజిస్టు చూసి, క్యాన్సర్ కణాలు గుమిగూడిన చోట పెన్నుతో గీత గీస్తారు. గీత లోపల ఉన్న కణాల్లో క్యాన్సర్‌వి కనీసం 20 శాతం ఉండాలని చాలా ల్యాబ్‌లు కోరుకుంటాయి. ఎందుకంటే కణితి ముక్కలో రక్తనాళాలు, తెల్ల రక్తకణాలు, మామూలు ఊపిరితిత్తి కణాలు కూడా కలిసే ఉంటాయి. తర్వాత రంగు వేయని స్లైడ్లను దాని పక్కన పెట్టుకుని, అదే చోట ఉన్న కణజాలాన్ని బ్లేడుతో గీకి చిన్న ట్యూబులో వేస్తారు. ఆ తునకలు ఎంత పలుచనివంటే, ట్యూబును వెలుతురుకు ఎత్తి చూస్తే తప్ప అడుగున ఉన్నాయో లేదో తెలియదు. మైనాన్ని తొలగించి, మాంసకృత్తులను కరిగించే ఎంజైము కలిపి, సాధారణంగా రాత్రంతా 56 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఫార్మలిన్ వల్ల బిగుసుకుపోయిన బంధాలు వదులయ్యేందుకు మరికొంతసేపు 90 డిగ్రీల వేడి తగిలిస్తారు. ఆ తర్వాతే డీఎన్‌ఏను వేరుచేసి కొలుస్తారు.

‘సరిపోలేదు’ అన్న మాటకు అర్థం ఈ కొలతలోనే ఉంది. మనిషి కణం ఒక్కోదానిలో ఉండే డీఎన్‌ఏ సుమారు 6.6 పికోగ్రాములు (నానోగ్రాములో వెయ్యో వంతు ఒక పికోగ్రాము). కొన్ని జన్యువులను మాత్రమే చూసే చిన్న ప్యానెల్‌కు 10 నానోగ్రాములు చాలవచ్చు. అంటే, ఏమీ వృథా కాకపోయినా 1,500 కణాల డీఎన్‌ఏ కావాలి. వందలాది జన్యువులను చూసే పెద్ద ప్యానెళ్లకు చాలావరకు 50 నానోగ్రాములు, అంతకన్నా ఎక్కువే అడుగుతారు. ఆ 1,500 కణాల్లో క్యాన్సర్‌వి 20 శాతమైతే, అసలు మనం వెతుకుతున్నవి 300 కణాలే. వాటిలోనూ మార్పు సాధారణంగా జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే ఉంటుంది కనుక, యంత్రం ఆ చోటును వందసార్లు చదివితే పదిసార్లు మాత్రమే మార్పు కనిపిస్తుంది.

ఇక లైబ్రరీ. ఈ పరీక్షలకు సాధారణంగా వాడే సీక్వెన్సింగ్ యంత్రం, అంటే డీఎన్‌ఏను చదివే యంత్రం, పొడవాటి డీఎన్‌ఏ పోగును నేరుగా చదవలేదు. అందుకే డీఎన్‌ఏను 150 నుంచి 300 అక్షరాల (డీఎన్‌ఏలో వరుసగా ఉండే ఏ, సీ, జీ, టీ అనే రసాయనాలను అక్షరాలంటాం) పొడవున్న తునకలుగా చేసి, చిరిగిన కొసలను సరిచేసి, ప్రతి తునకకు రెండు చివర్లా అడాప్టర్లు అనే చిన్న కృత్రిమ డీఎన్‌ఏ ముక్కలు అతికిస్తారు. ఇది ఏ రోగి నమూనా అనే గుర్తు కూడా ఆ అడాప్టర్లలోనే ఉంటుంది. అందువల్లనే ఎంతోమంది నమూనాలను కలిపి ఒకేసారి చదివినా ఎవరి ఫలితం వారికి విడిగా వస్తుంది. ఇలా సిద్ధమైన తునకలన్నింటినీ కలిపి లైబ్రరీ అంటారు. దాన్ని పీసీఆర్‌తో ప్రతులు తీసి పెంచి, పెద్ద ప్యానెల్ అయితే కావలసిన జన్యువుల తునకలను మాత్రమే అయస్కాంత పూసలతో పట్టి, ఆపైన యంత్రంలోకి ఎక్కిస్తారు.

యంత్రంలోకి ఎక్కించే ముందు లైబ్రరీ నాణ్యతను ఒక గ్రాఫులో చూస్తాం. పని బాగా జరిగితే తెర మీద సుమారు 300 అక్షరాల పొడవు దగ్గర ఒక నున్నని గుట్ట కనిపిస్తుంది. డీఎన్‌ఏ చాలకపోతే అతుక్కోవడానికి తునకలు దొరకని అడాప్టర్లు ఒకదానికొకటి అంటుకుని, 130 దగ్గర సన్నని మొనలా నిలబడతాయి. అలాంటి లైబ్రరీని చదివించినా వచ్చేది చెత్తే. అయితే పీసీఆర్ ఇంకా ఎక్కువసార్లు చేయవచ్చు కదా అని కుటుంబ సభ్యులు అడుగుతుంటారు. పదిమంది చెప్పిన సాక్ష్యాన్ని పదివేల ప్రతులు తీసినా సాక్షులు పదిమందే. పైగా ఫార్మలిన్ దెబ్బ ఒకటుంది. అది డీఎన్‌ఏలోని ‘సీ’ అక్షరాన్ని చెడగొట్టి, యంత్రానికి ‘టీ’లా కనిపించేలా చేస్తుంది. తక్కువ డీఎన్‌ఏను బలవంతంగా పెంచినప్పుడు ఈ దొంగ మార్పులు నిజమైన మ్యుటేషన్లలా రిపోర్టులోకి వచ్చే ప్రమాదముంది. కాబట్టి లైబ్రరీ కాలేదని ఆపేయడం సరైన నిర్ణయమే. అయితే డీఎన్‌ఏ కొలత మొదటి నాలుగైదు రోజుల్లోనే తెలిసిపోతుంది కనుక, ఆ మాట మీకు అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుగో దశ రోగికి రెండు వారాలు చిన్న సమయం కాదు. ఈ విషయంలో మీ బాధ న్యాయమైనది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మొదట బయాప్సీ చేసిన ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్లి, ఇంకా బ్లాకులేమైనా ఉన్నాయా, ల్యాబ్ తిప్పి పంపిన బ్లాకులో కణజాలం మిగిలిందా అని అడగండి. ఛాతీలో నీరు చేరి తీయించి ఉంటే, ఆ నీటిలోని కణాలతో చేసిన సెల్ బ్లాకు కూడా పనికొస్తుంది. కొద్దిగా మిగిలినా, పెద్ద ప్యానెల్ బదులు ఈజీఎఫ్ఆర్‌కు పీసీఆర్ పరీక్ష, ఏఎల్‌కే అనే మరో జన్యువులోని మార్పుకు రంగు పరీక్ష చేయించవచ్చు. వీటికి తక్కువ పొరలు చాలు, ఫలితమూ కొద్ది రోజుల్లోనే వస్తుంది.

దీనితోపాటే రక్తం ద్వారా చేసే లిక్విడ్ బయాప్సీకి నమూనా ఇవ్వమని నా సలహా. చనిపోయిన కణితి కణాల డీఎన్‌ఏ తునకలు రక్తంలో తిరుగుతుంటాయి, నాలుగో దశలో అవి దొరికే అవకాశం ఎక్కువ. రక్తాన్ని ఈ పరీక్ష కోసమే చేసిన ప్రత్యేక ట్యూబులో తీయించండి. మామూలు ట్యూబులో తీసి ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు పంపితే దారిలోనే తెల్ల రక్తకణాలు పగిలి, వాటి డీఎన్‌ఏ కలిసి నమూనా పాడవుతుంది. ఇందులో చికిత్సకు లొంగే మార్పు కనిపిస్తే దాన్ని నమ్మి మందు మొదలుపెట్టవచ్చు. కనిపించకపోతే మాత్రం లేదని అనుకోకూడదు, అప్పుడే మళ్లీ బయాప్సీ ప్రశ్న వస్తుంది.

ఆ అవసరమే పడితే, ఈ ముక్క జన్యు పరీక్ష కోసమని సూది వేసే డాక్టరుకు ముందే చెప్పండి. వీలైతే వారు ఒకటికి బదులు మూడు నాలుగు పోగులు తీస్తారు. ముక్కను తీసిన వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. శని, ఆదివారాలు కలిసొచ్చి ముక్క రోజుల తరబడి ఫార్మలిన్‌లోనే మిగిలిపోవడం మనం తప్పించగలిగిన నష్టం. ఎముక నుంచి తీస్తే, దాన్ని మెత్తబరచడానికి ఘాటైన ఆమ్లం వాడవద్దని, దానికి బదులు ఈడీటీఏ అనే మృదువైన ద్రావణం వాడమని పాథాలజిస్టును కోరండి. ఆమ్లం డీఎన్‌ఏను ఛిద్రం చేస్తుంది. మొదటిసారి స్కానింగ్ గదిలో మీ నాన్నగారికి నొప్పి, ఆయాసం ఎంత కలిగాయో అక్కడి డాక్టరుకు చెప్పండి. మత్తు ఎంత ఇవ్వాలో, మెడ దగ్గరి గ్రంథిలాంటి తేలికైన చోటు ఉందో చూసి వారు నిర్ణయిస్తారు.

ఈలోగా చికిత్స ఆపి కూర్చోవద్దు. లక్షణాలు పెరుగుతుంటే కీమో మొదలుపెట్టవచ్చు. అయితే ఈజీఎఫ్ఆర్ ఫలితం తెలియక ముందే ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే చికిత్స) కలపడం గురించి మీ ఆంకాలజిస్టుతో వివరంగా మాట్లాడండి. దాని తర్వాత వెంటనే ఈజీఎఫ్ఆర్ మార్పుకు వాడే ఒసిమెర్టినిబ్ మాత్ర ఇవ్వాల్సి వస్తే ఊపిరితిత్తుల వాపు వచ్చే ముప్పు పెరుగుతుంది.

మీ చివరి ప్రశ్నకు వస్తే, ఈజీఎఫ్ఆర్ లాంటి మార్పులు దాదాపు ఎప్పుడూ కణితిలో పుట్టి కణితిలోనే ఉండేవి, పిల్లలకు సంక్రమించేవి కావు. అందువల్ల మీరు ఇప్పుడు పరీక్ష చేయించుకోనవసరం లేదు. మీ నాన్నగారి రిపోర్టులో ఎప్పుడైనా బీఆర్‌సీఏ లాంటి, వంశపారంపర్యంగా మార్పు రాగల జన్యువు పేరు కనిపిస్తే, అది పుట్టుకతో వచ్చిందా కాదా అని ముందు ఆయన రక్తంలోనే చూడాలి. దాన్ని బట్టి మీ సంగతి ఆలోచించవచ్చు.