రూట్ ఇవ్వకుండా పోర్టు 80 తెరవడం: లినక్స్‌లో కేపబిలిటీ అంటే ఏమిటి?

మనిషి విషయంలో కేపబిలిటీ అంటే సత్తా కదా, మరి లినక్స్‌లో సర్వర్ ప్రోగ్రామ్‌కు కేపబిలిటీ ఇవ్వమంటారేమిటి, దానితో వేగం పెరుగుతుందా అని అడిగారు. పెరగదండి. ఇక్కడ అది ప్రోగ్రామ్ నేర్పు కాదు, దానికి మనమిచ్చే అనుమతి. పని చేసే కోడ్ ఎంత బాగున్నా, అనుమతి లేకపోతే లినక్స్ మూలభాగమైన కెర్నల్ ఆపేస్తుంది.

తిరుపతిలో లాడ్జిల బుకింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే ఆఫీసులో నేను సర్వర్లు చూసుకుంటాను. నేను చేరేసరికి వెబ్ ప్రోగ్రామ్ రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా నడుస్తోంది. లినక్స్‌లో మామూలుగా 1024 కంటే తక్కువ నంబరు పోర్టులు (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే ద్వారాలు) సాధారణ యూజర్ తెరవలేడు, వెబ్‌కేమో 80, 443 కావాలి. ఆ ఒక్క అవసరానికి మెషీన్ మీద సర్వాధికారం ఇచ్చేశారు. ప్రోగ్రామ్‌లో ఏదైనా లొసుగు దొరికితే, చొరబడ్డవాడికి అదే మెషీన్‌లో ఉన్న ఇతర లాడ్జిల రికార్డులు, యాత్రికుల ఆధార్ కాపీలు కూడా చిక్కుతాయి. నమ్మి ఇచ్చిన కాగితాలవి. నాకు అదే పెద్ద టెన్షన్.

అందుకని సెట్‌క్యాప్ అనే కమాండ్‌తో ఆ ప్రోగ్రామ్ ఫైలుకు, అలాంటి పోర్టులు తెరవనిచ్చే 'నెట్ బైండ్ సర్వీస్' కేపబిలిటీ ఒక్కటే ఇచ్చి, సాధారణ యూజర్‌గా నడిపించాం. అయితే ఫైలు స్థానంలో కొత్త వెర్షన్ పెడితే ఆ అనుమతి పోతుంది, మళ్లీ ఇవ్వాలి. మీది పైథాన్ స్క్రిప్ట్ అయితే స్క్రిప్ట్‌కు ఇచ్చినా పనిచేయదు. పైథాన్‌కే ఇస్తే, దానితో నడిచే ప్రతి స్క్రిప్ట్‌కూ వచ్చేస్తుంది. అలాంటప్పుడు సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ సర్వీస్ ఫైల్లో యాంబియంట్ కేపబిలిటీస్ (ప్రోగ్రామ్ ఫైలుకు కాక, నడిచే ఆ సర్వీసుకే ఇచ్చే అనుమతి) పెట్టుకోవడం మేలు. 'సిస్ అడ్మిన్' అనే కేపబిలిటీ మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి, దాదాపు రూట్ ఇచ్చినట్టే.

నిజానికి 1966లో డెన్నిస్, వాన్ హార్న్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు తమ పేపర్లో చెప్పిన కేపబిలిటీ వేరు. ఫలానా వస్తువు, దాని మీద ఫలానా హక్కు, రెండూ కలిపి ఒకే గుర్తులో ఉంటాయి. అలిపిరిలో లగేజీ ఇస్తే వచ్చే రసీదు లాంటిది, ఆ సంచికే తప్ప పక్క సంచికి చెల్లదు. లినక్స్ కేపబిలిటీలు అలా కాదు, రూట్ అధికారాన్ని విడగొట్టిన ముక్కలు. నెట్ బైండ్ సర్వీస్ ఇస్తే 80తో ఆగదు, 1024 లోపు పోర్టులన్నీ తెరవగలుగుతుంది. ఆ పాత అర్థానికి లినక్స్‌లో దగ్గరగా ఉండేది ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచిన ఫైలుకో పోర్టుకో గుర్తుగా కెర్నల్ ప్రోగ్రామ్‌కు ఇచ్చే నంబరు.

మీకు 80 ఒక్కటే చాలనుకుంటే, సిస్టమ్‌డీ సాకెట్ యూనిట్‌తో పోర్టు తెరిపించి, ఆ డిస్క్రిప్టర్‌నే ప్రోగ్రామ్‌కు అందించవచ్చు. అప్పుడు కేపబిలిటీ ఏదీ ఇవ్వనక్కర్లేదు. కాకపోతే ప్రోగ్రామ్ దాన్ని అందుకునేలా రాసి ఉండాలి, ముందు అది చూసుకోండి.