నలుగురు ఎక్కితే పడవ లేవట్లేదా? పిచ్ పెంచే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 14 అడుగుల అల్యూమినియం పడవ, దానికి 20 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే ఇంజన్). ఒక్కరే వెళ్తే బాగానే పోతోంది, నలుగురు ఎక్కితే మాత్రం ముక్కు పైకి లేపుకుని నీళ్ళను తోసుకుంటూ దేకుతోంది. పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే స్పీడ్ వస్తుందా, నాలుగు రెక్కలది మంచిదా, స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోవాలా అని అడిగారు.

పిచ్ పెంచకండి. మీరు చెప్పిన దాన్నిబట్టి తగ్గించాల్సి వచ్చేలా ఉంది. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మీరు చేయబోతున్న పని నేను ఆల్రెడీ చేసేశాను, ఇంచుమించు మీలాంటి పడవకే.

నా ఇంజన్‌తో వచ్చిన ప్రొపెల్లర్ 9¼ × 10. మొదటి నంబర్ వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే ఎంత ముందుకు వెళ్ళాలి అన్న లెక్క, చెక్కలోకి స్క్రూ దిగినట్టు. నీళ్ళు చెక్క కాదు కాబట్టి అంత దూరం ఎప్పుడూ వెళ్ళదు, ఆ తేడానే స్లిప్ అంటారు. సరే, 10 అంగుళాలు వెళ్ళేది 12 వెళ్తే స్పీడ్ 20 శాతం పెరుగుతుంది కదా అని నేను 12 పిచ్‌ది తెచ్చి బిగించాను. మొదటి రోజు ఒక్కణ్నే వెళ్ళాను, జీపీఎస్‌లో అంతకుముందు 37 వచ్చేది 40 వచ్చింది. 20 శాతం రాలేదు గానీ 3 కిలోమీటర్లు పెరిగింది, నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. మర్నాడు ముగ్గురం, సామాను, నిండు ట్యాంకు. థ్రాటిల్ చివరిదాకా తిప్పాను, ఇంజన్ ఒక రకంగా మూలుగుతోంది, పడవ ముక్కు లేచింది, వెనక భాగం కుంగింది, అంతే, అక్కడే ఉండిపోయింది. ఎదురుగా ఏముందో కూడా కనపడదు. అలా ఐదు నిమిషాలు లాగించాక నాకే ఇంజన్ మీద జాలేసి ఆపేశాను.

సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిచ్ అంటే గేరు. ఎక్కువ పిచ్ టాప్ గేరు లాంటిది, చదును రోడ్డు మీద ఒక్కరే వెళ్తుంటే బ్రహ్మాండంగా ఉంటుంది, వెనక ఒకణ్ని ఎక్కించుకుని మిట్ట ఎక్కమంటే కాళ్ళు పట్టేస్తాయి. పడవకి ఆ మిట్ట ఏంటంటే ప్లేన్ ఎక్కడం, అంటే నీళ్ళలో మునిగి వాటిని తోసుకుంటూ పోయే స్థితి నుంచి నీటి మీదకి లేచి జారే స్థితికి రావడం. అది దాటితే చాలు, తర్వాత అంత బలం అక్కర్లేదు. మీ పడవ నలుగురితో ఆ మిట్ట దగ్గరే ఆగిపోతోంది.

మరి ఏ పిచ్ కావాలో ఎలా తెలుస్తుంది? ఇక్కడ చాలామంది పడవ పొడవు చెప్పి, హెచ్‌పీ చెప్పి, ఏ ప్రొపెల్లరో చెప్పండి అంటారు. అలా ఎవరైనా చెప్పినా అది మొదటి అంచనా మాత్రమే. అసలు చూడాల్సింది ఒక్కటే, మీరు మామూలుగా వేసుకెళ్ళే లోడ్‌తో, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతోంది అనేది. మీ ఇంజన్ మాన్యువల్లో ఫుల్ థ్రాటిల్ రేంజ్ అని రాసి ఉంటుంది, నాదానికి 5000 నుంచి 6000. ఆ రేంజ్‌లో పై సగంలోకి వచ్చేలా ప్రొపెల్లర్ ఉండాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, పెంచితే అంతే తగ్గుతుంది. ఈ లెక్క గుర్తుంటే సగం గొడవ తీరిపోతుంది.

నా 12 పిచ్‌తో ముగ్గురం ఉన్నప్పుడు 4300 దాటలేదు. స్పీడ్ రాకపోవడం ఒక్కటే సమస్య అనుకోకండి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి కూడా ఇంజన్‌ని తిరగాల్సినంత తిరగనివ్వకపోతే లోపల వేడి పెరుగుతుంది, కార్బన్ పడుతుంది, నాకింగ్ (లోపల టకటకమని కొట్టుకోవడం) రావచ్చు, పిస్టన్లకీ బేరింగ్‌లకీ దెబ్బ. అటువైపు పిచ్ మరీ తక్కువైతే ఇంజన్ రేంజ్ దాటి గోల చేస్తుంది, రెవ్ లిమిటర్ ఉంటే మధ్యమధ్యలో కట్ చేస్తుంది. రెండిట్లో మొదటిదే ప్రమాదం అని నా అభిప్రాయం, ఎందుకంటే ఎక్కువ తిరిగితే చెవికి తెలుస్తుంది, చెయ్యి దానంతటదే థ్రాటిల్ తగ్గిస్తుంది. తక్కువ తిరుగుతుంటే మాత్రం "ఇంజన్ ఎంత స్మూత్‌గా ఉందో" అనుకుంటాం.

చిన్న ఇంజన్లకి చాలావాటికి ట్యాకోమీటర్ ఉండదు. స్పార్క్ ప్లగ్ తీగ చుట్టూ నాలుగైదు చుట్లు వైరు చుడితే ఆర్‌పీఎం చూపించే చిన్న మీటర్లు దొరుకుతాయి, అది చాలు. కానీ దాని సెట్టింగ్ చూసుకోండి. నేను బిగించగానే ఫుల్ థ్రాటిల్‌లో 10,600 చూపించింది, గుండె ఆగినంత పనైంది. విషయం ఏంటంటే ఫోర్ స్ట్రోక్ కదా అని రెండు చుట్లకి ఒక స్పార్క్ అన్న సెట్టింగ్ పెట్టాను, నా ఇంజన్‌లో ప్రతి చుట్టుకీ స్పార్క్ వస్తుంది, అందుకే రెట్టింపు. ఐడిల్‌లో చూస్తే పట్టేయొచ్చు, మాన్యువల్లో 900 అని ఉండి మీటర్ 1800 చూపిస్తుంటే సెట్టింగే తప్పు.

ఆ రీడింగ్ వచ్చాక ఒక చిన్న లెక్క వేసుకోండి. ఆర్‌పీఎంని పిచ్‌తో గుణించి, గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో అది) భాగించి, మళ్ళీ 656తో భాగిస్తే స్లిప్ లేకుండా గంటకి ఎన్ని కిలోమీటర్లు వెళ్ళాలో వస్తుంది. పాత 10 పిచ్‌తో ముగ్గురం వెళ్ళినప్పుడు నాకు 5300 వచ్చింది, గేర్ రేషియో 2.08. 5300 × 10 ÷ 2.08 ÷ 656 అంటే దాదాపు 38.8. జీపీఎస్ చూపించింది 31. అంటే స్లిప్ 20 శాతం. తేలికైన ప్లేనింగ్ పడవకి 10 నుంచి 20 మధ్య ఉంటే మామూలే, బరువు పెరిగితే ఇంకాస్త ఉంటుంది. గాలి లేని రోజు చూసి, వెళ్ళేటప్పుడు ఒకసారి వచ్చేటప్పుడు ఒకసారి స్పీడ్ చూసి సగటు తీయండి, లేకపోతే ప్రవాహం మీ లెక్కని తినేస్తుంది.

ఈ లెక్క ఇంకోదానికి కూడా పనికొస్తుంది. పడవ మామూలుగా తేలిగ్గా లేచే లోడ్‌తో కూడా స్లిప్ 40, 50 అని వస్తే పిచ్ మార్చి లాభం లేదు, వేరే ఏదో పాడై ఉండొచ్చు. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు హబ్ ఉంటుంది, రాయికి తగిలినప్పుడు గేర్లు విరిగిపోకుండా అది జారుతుంది. కొన్నాళ్ళకి ఆ రబ్బరు పట్టు వదిలేస్తే ఇంజన్ అరుస్తుంది, పడవ కదలదు. పరీక్ష తేలిక: లోపలి లోహపు హబ్ మీద నుంచి బయటి ప్రొపెల్లర్ మీదకి పర్మనెంట్ మార్కర్‌తో ఒక అడ్డగీత గీయండి, బాగా లోడేసి ఒక రౌండ్ వేసి రండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే హబ్ పోయినట్టే.

ప్రొపెల్లర్ కొనే ముందు డబ్బు ఖర్చు లేని పనులు రెండు మూడున్నాయి, ముందు అవి చేయండి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది కదా (యాంటీ వెంటిలేషన్ ప్లేట్, అందరూ క్యావిటేషన్ ప్లేట్ అనే అంటారు), అది పడవ అడుగుకి సమానంగానో ఒక అంగుళం లోపు పైకో ఉండాలి. ఇంజన్ మరీ పైకి ఉంటే మలుపుల్లో ప్రొపెల్లర్ పైనుంచి గాలి లాగేసి ఊరికే తిరుగుతుంది, మరీ కిందికుంటే నీటిని ఈడ్చుకుంటూ పోతుంది. రెండోది బరువు. నలుగురిలో ముగ్గురు వెనకే కూర్చుంటున్నారా? పెట్రోల్ ట్యాంకు కూడా వెనకే ఉందా? నేను ట్యాంకుని ఒక మీటరు ముందుకి జరిపి, ఒకణ్ని ముందు బల్ల మీదకి పంపిస్తే పాత ప్రొపెల్లర్‌తోనే పడవ కాస్త తొందరగా లేచింది. ఇంజన్ ట్రిమ్ పిన్ను (ఇంజన్ వాలు మార్చే పిన్ను) ఒక రంధ్రం పడవ వైపుకి వేసినా ముక్కు కిందికి దిగుతుంది. ఇక పడవ అడుగున నాచు, లోపల నిలిచిన నీళ్ళు, రెక్క అంచుల్లో సొట్టలు, ఇవన్నీ ఆర్‌పీఎం తినేవే.

అవన్నీ చేశాక నేను 9 పిచ్‌కి దిగాను. ముగ్గురితో 5300 ఉన్నది 5500 అయ్యింది. టాప్ స్పీడ్ ఏమీ పెరగలేదు, అదే 31. కానీ ప్లేన్ ఎక్కడానికి 14 సెకన్లు పట్టేది 7 సెకన్లకి వచ్చింది, అసలు తేడా అక్కడే. లేచిన తర్వాత థ్రాటిల్ వెనక్కి తీసినా పడవ పైనే ఉంటుంది. ఒక్కణ్నే వెళ్తే మాత్రం ఫుల్ థ్రాటిల్‌లో 6000 దాటేస్తోంది, కాబట్టి కాస్త తగ్గించి నడుపుతాను. ఒంటరిగా ఎక్కువ దూరం వెళ్ళాల్సి ఉంటే పాత 10 వేసుకుంటాను, మార్చడానికి పావుగంట. రెండు ప్రొపెల్లర్లు దగ్గర పెట్టుకోవడం ఖరీదైన సరదా అనుకునేవాణ్ని, కానీ ఎలాగూ ఒక స్పేర్ ఉండాల్సిందే కదా, అదేదో వేరే పిచ్‌ది ఉంటే రెండు పనులూ అవుతాయి.

నాలుగు రెక్కల సంగతి: నీటిని గట్టిగా పట్టుకుంటుంది, మలుపుల్లో వదలదు, వణుకు తక్కువ, తక్కువ స్పీడ్‌లో కూడా పడవని ప్లేన్‌లో నిలబెడుతుంది. అదే పిచ్‌లో వేస్తే ఆర్‌పీఎం కొంచెం పడుతుంది, అందుకే మూడు రెక్కలదానికంటే ఒక అంగుళం తక్కువ తీసుకుంటారు. మీరు ఎప్పుడూ నలుగురితోనే వెళ్తారంటే ఆలోచించండి, లేదంటే మూడు చాలు. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద నాకు పెద్ద మోజు లేదు. రెక్కలు పల్చగా ఉంటాయి, వంగవు, పెద్ద ఇంజన్లకి తేడా కనిపిస్తుంది. 20 హెచ్‌పీకి వచ్చే లాభానికి ఆ ధర ఎక్కువ, పైగా రాయికి గట్టిగా తగిలితే అల్యూమినియం రెక్క వంగి దెబ్బ తాను తీసుకుంటుంది, స్టీలు ఆ దెబ్బని లోపలికి గేర్లదాకా పంపే అవకాశం ఉంది. ఇంకోటి, రెక్క వెనక అంచు కొద్దిగా గరిటెలా వంపు తిరిగి ఉంటే దాన్ని కప్పింగ్ అంటారు, అదున్న 9 పిచ్ దాదాపు 10లా ప్రవర్తిస్తుంది. నంబర్ ఒకటే కదా అని రెండు కంపెనీలవి పోల్చినప్పుడు తేడా వచ్చేది చాలాసార్లు ఇందుకే. కొనేటప్పుడు మీ ఇంజన్ మోడల్ చెప్పే తీసుకోండి, షాఫ్ట్ మీద పళ్ళ సంఖ్య కలవకపోతే ఎక్కనే ఎక్కదు.

మార్చేటప్పుడు ముందు కిల్ స్విచ్ తాడు (అది లాగితే ఇంజన్ ఆగిపోతుంది) లాగేయండి, ప్లగ్ తీగ కూడా తీసేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, రెక్కకీ పై పలకకీ మధ్య ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి నట్టు విప్పండి. షాఫ్ట్‌కి చేపల దారం చుట్టుకుని ఉంటే మొత్తం తీసేయండి, అది సీల్‌ని కోసేస్తుంది. షాఫ్ట్ పళ్ళకి మెరైన్ గ్రీజు పూసి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి, పాతదాన్ని సాగదీసి మళ్ళీ వాడకండి. ప్రొపెల్లర్‌కీ గేర్ కేస్‌కీ మధ్య ఒక మందపాటి థ్రస్ట్ వాషర్ ఉంటుంది, అది జాగ్రత్త. నేను మొదటిసారి మార్చినప్పుడు గ్రీజుతో అది పాత ప్రొపెల్లర్‌కే అంటుకుని వచ్చేసింది, నేను చూసుకోలేదు. కొత్తది బిగించి చేత్తో తిప్పితే గేర్ కేస్‌కి రాసుకుంటూ కిర్రుమంది. అదృష్టం బాగుండి నీళ్ళలో దించకముందే తిప్పి చూశాను.

ముందు మీ ప్రొపెల్లర్ మీద ఉన్న నంబర్లు (హబ్ మీదో రెక్క మొదట్లోనో పోత పోసి ఉంటాయి), నలుగురితో ఫుల్ థ్రాటిల్‌లో వచ్చిన ఆర్‌పీఎం, జీపీఎస్ స్పీడ్ ఇక్కడ రాయండి. ఒక్కరే ఉన్నప్పటివి కూడా. ఒక అంగుళం దిగితే సరిపోతుందా రెండు దిగాలా అన్నది అవి చూసి చెప్తాను.