లై, లే గొడవ తెలుగులోనే తేలిపోతుంది

"నిన్న మధ్యాహ్నం పడుకున్నాను" అనడానికి 'ఐ లెయిడ్ ఆన్ ద బెడ్' అని రాస్తే టీచర్ కొట్టేశారు, ఎందుకని అడిగారు కదండీ. టీచర్ కొట్టేసింది సబబే.

ముందు తెలుగులో చూడండి. మనకు పడుకోవడం వేరు, పడుకోబెట్టడం వేరు. మీరే పడుకుంటే లై, పాపాయిని పడుకోబెడితే లే. పుస్తకం బల్ల మీద పెట్టినా లే, కోడి గుడ్డు పెట్టినా లే. దేన్ని పెట్టారో చెప్పాల్సి వస్తే అది లే అన్నమాట.

అసలు మెలిక భూతకాలంలో ఉంది. లైకి భూతకాలం మళ్ళీ 'లే'నే! ఎవరికైనా తికమకే. కాబట్టి మీ వాక్యం 'ఐ లే ఆన్ ద బెడ్' అవ్వాలి. హ్యావ్ తర్వాతైతే లెయిన్. లెయిడ్ అనేది పడుకోబెట్టడానికి, పెట్టడానికి వచ్చే రూపం.

అబద్ధం చెప్పే లై ఇంకోటి ఉంది, దాని భూతకాలం లైడ్. నేనొకసారి సెలవు చీటీలో 'ఐ లైడ్ ఇన్ బెడ్ ఆల్ డే' అని రాస్తే, "రోజంతా మంచంలో అబద్ధాలు చెప్పావా?" అని మా మేనేజర్ ఒకటే నవ్వు.

రైజ్, రెయిజ్ కూడా ఇంతే. ధరలు పెరిగితే రోజ్, కొట్టువాడు పెంచితే రెయిజ్డ్.

అయినా టెన్షన్ పడకండి, మాటల్లో ఇంగ్లిష్ వాళ్ళు కూడా లై బదులు లే అనేస్తుంటారు. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది.