పాఠకుల ప్రశ్నలు – వైద్యుని సమాధానాలు: ఆత్మహత్యల నివారణలో శిక్షణ, దానికయ్యే ఖర్చు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సును. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని మా దగ్గరికి తరచూ తీసుకువస్తుంటారు. వైద్యం చేస్తాం, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) రాస్తాం, ప్రాణం దక్కితే ‘వారం తర్వాత రివ్యూ’ అని చీటీ ఇచ్చి పంపిస్తాం. ఆ రివ్యూకు వచ్చేవారు తక్కువ. కొందరు మాత్రం కొన్ని నెలలకు మళ్లీ అదే స్థితిలో వస్తారు. వాళ్లతో ఏం మాట్లాడాలో మాకెవరూ సరిగా నేర్పలేదు. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు, అంతే. ఇలాంటి శిక్షణ నిజంగా పనికొస్తుందని ఎవరైనా పరిశోధించారా? ఆ పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు?
– ఒక సోదరి, ఉమ్మడి నల్గొండ జిల్లా

సమాధానం: పరిశోధించారమ్మా, అందులో ఒక భాగం మనకు పొరుగునున్న చెన్నైలోనే జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో చెన్నై, కొలంబో, బ్రెజిల్‌లోని కాంపినాస్, ఇరాన్‌లోని కరాజ్, చైనాలోని యున్‌చెంగ్‌లలో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ఆత్మహత్యాయత్నం చేసి వచ్చిన 1,867 మందిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి ఎప్పటి చికిత్సే అందింది. రెండో వర్గం వారితో డిశ్చార్జికి ముందు గంటసేపు కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత 1, 2, 4, 7, 11 వారాలకు, 4, 6, 12, 18 నెలలకు, మొత్తం తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో పలకరించారు. 18 నెలల తర్వాత లెక్క చూస్తే మొదటి వర్గంలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో మరణించారు, రెండో వర్గంలో 0.2 శాతం. 2008లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో పలకరించే బాధ్యత సైకియాట్రిస్టులకే పరిమితం కాలేదు, రోగులను చూసిన అనుభవమున్న నర్సులు కూడా అందుకు అర్హులే.

కాబట్టి మీకు కావలసిన శిక్షణ పెద్ద చదువేమీ కాదు. ‘చనిపోవాలన్న ఆలోచన ఇంకా వస్తోందా?’ అని తడబడకుండా అడగగలగడం, అవునంటే కంగారు పడకుండా వినడం, ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చూడమని కుటుంబానికి చెప్పడం, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తారో చెప్పి ఆ రోజు చేయడం. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, ఆ భయానికి ఆధారం లేదు. రాత్రివేళల్లో సాయం అవసరమైతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను డిశ్చార్జి చీటీ మీదే రాసివ్వండి.

అయితే శిక్షణ ఒక్కసారి ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో స్వీడన్‌లోని గోట్లాండ్ దీవి అనుభవం చెబుతుంది. 1983–84లో అక్కడి జనరల్ ప్రాక్టీషనర్లకు డిప్రెషన్‌ను గుర్తించి చికిత్స చేయడంలో శిక్షణ ఇచ్చారు. దీవిలో ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి, మూడేళ్లు గడిచేసరికి దాదాపు పాత స్థాయికి చేరాయి. శిక్షణ పొందిన వైద్యుల్లో సగం మంది అప్పటికి దీవి వదిలి వెళ్లిపోయారు. బదిలీల కౌన్సెలింగ్ తర్వాత మన ఆసుపత్రుల్లో జరిగేది కూడా అదే కదా! పైగా ఆ తగ్గుదల ప్రధానంగా స్త్రీలలోనే కనిపించింది, ఆసుపత్రి గడప తొక్కని పురుషులకు అది అందలేదు. 2022లో మన దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో పదింట ఏడు పురుషులవేనన్న సంగతి గుర్తుంటే ఈ లోపం చిన్నది కాదు.

ఇక డబ్బు సంగతి. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధనా సంస్థ నిర్వహించిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ అధ్యయనంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, అవసరమైనవారిని పీహెచ్‌సీ డాక్టరు చూశాక, ఎవరింటికి ముందు వెళ్లాలో ఎరుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో ఆశా ట్యాబ్‌లోనే కనిపించేది. గిరిజన గ్రామాల్లో జరిగిన తొలి దశలో, అవసరమున్నవారిలో మానసిక వైద్యసేవలు పొందినవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. తొలి దశలకు గ్రాండ్ చాలెంజెస్ కెనడా, వెల్‌కమ్ ట్రస్ట్–మన బయోటెక్నాలజీ శాఖల ఇండియా అలయన్స్ సాయపడ్డాయి. హరియాణాను కూడా కలుపుకున్న తర్వాతి పెద్ద ప్రయోగానికి ఆస్ట్రేలియా వైద్య పరిశోధనా మండలి నిధులిచ్చింది. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఆరోగ్య కార్యకర్తల శిక్షణను కూడా కలిపి చేపట్టిన ‘స్పిరిట్’ అధ్యయనానికి డబ్బు అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నుంచి వచ్చింది.

పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా ఏం అడగాలో తేల్చడానికి కెనడా, ఆస్ట్రేలియా డబ్బు కావలసి రావడం నాకు బాధగానే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలంటోంది. ఆత్మహత్యాయత్నం చేసినవారికి మళ్లీ ఆ ముప్పు రాకుండా చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షన్ చెబుతోంది. 2022 నవంబరులో వెలువడిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030కల్లా ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలంటోంది. ఇన్ని ఉన్నా, శిక్షణకు పెట్టే ఖర్చు హాలుకు, భోజనాలకు, ప్రీటెస్ట్–పోస్ట్‌టెస్ట్ కాగితాలకు సరిపోతుంది. మీ వార్డు నుంచి వెళ్లినవారు ఏడాదిన్నర తర్వాత ఎలా ఉన్నారో కనుక్కునే పనికి దానిలో పైసా ఉండదు. పరిశోధన నిధి వెళ్లవలసింది అక్కడికే.

ప్రశ్న: నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. క్యాజువాలిటీ నర్సుల శిక్షణ మీద థీసిస్ చేయాలనుంది. నిధుల కోసం ఎక్కడ ప్రయత్నించాలి?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: పీజీ థీసిస్‌లకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) ఆర్థిక సాయం ఉంది, మొదట దానికి దరఖాస్తు చేయండి. ఆ తర్వాత పెద్ద అధ్యయనం తలపెడితే ఐసీఎంఆర్ ఎక్స్‌ట్రామ్యూరల్ (బయటి సంస్థల పరిశోధకులకిచ్చే) గ్రాంట్లు, ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు, ఇతర దేశాల పరిశోధకులకూ అవకాశమిచ్చే అమెరికన్ ఫౌండేషన్ ఫర్ సూయిసైడ్ ప్రివెన్షన్ గ్రాంట్లు ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి సరే, అధ్యయనంలో పాల్గొన్న వ్యక్తి ఎవరైనా తీవ్రమైన ముప్పులో ఉన్నట్టు తెలిస్తే ఆ రాత్రికి ఎవరికి అప్పగిస్తారో ప్రోటోకాల్‌లో ముందే రాసుకోండి, ఆ ప్రశ్న తప్పక వస్తుంది. ‘శిక్షణ పొందిన నర్సుల సంఖ్య’ను ప్రధాన ఫలితంగా పెట్టవద్దు. డిశ్చార్జి తర్వాత ఎంతమందికి ఎన్ని ఫోన్లు వెళ్లాయి, ఎంతమంది మళ్లీ ప్రయత్నించారు అన్నవి కొలవండి. బడ్జెట్‌లో శిక్షణ రోజుల్లో డ్యూటీ చూసే ప్రత్యామ్నాయ నర్సు జీతం, ఫోన్ ఖర్చు, ఆరునెలలకోసారి పునశ్చరణ తరగతి, సగంలో బదిలీ అయినవారి స్థానంలో వచ్చేవారికి మళ్లీ శిక్షణ – ఈ నాలుగూ విడివిడిగా చూపించండి. ఒక్క పంక్తిలో ‘ఇతర ఖర్చులు’ అని కలిపితే మొదట కోతపడేది అదే.